అనుమతి లేని సూర్యుడు

సూర్యుణ్ణి భూమ్మీద తయారు చేయడానికి ప్రభుత్వం కట్టిన కేంద్రంలో ఉన్నట్టుండి కరెంటు బిల్లు తగ్గిపోయింది.

పెరిగి ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఏటిమెరక ఫ్యూజన్ పరిశోధన కేంద్రం బిల్లు పెరగడమంటే గోదావరికి వరద రావడం లాంటిది. పేపర్లో లోపలి పేజీలో వేసి ఊరుకుంటారు. ఈసారి తగ్గింది, అదీ మూడొంతుల్లో రెండొంతులు మాయమైంది. బిల్లు చూసిన విద్యుత్ సంస్థ ఇంజినీరు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. తర్వాత విజిలెన్స్‌కి ఫోన్ చేశాడు.

విజిలెన్స్ అధికారిణి చిట్టూరి భ్రమరాంబ మర్నాడే జీపులో దిగింది. ఆమె సర్వీసంతా కరెంటు దొంగల్ని పట్టుకోవడంలోనే గడిచింది. తీగల మీద కొక్కేలు వేసిన వాళ్లని పట్టుకుంది. మీటరుకి అయస్కాంతం అంటించిన వాళ్లని పట్టుకుంది. దేవుడి పటం వెనకనుంచి వైరు లాగి రైసుమిల్లు నడిపిన పెద్దమనిషిని, ఆ పటానికి దణ్ణం పెట్టుకుని మరీ పట్టుకుంది. సైంటిస్టుల్ని పట్టుకోవడం మాత్రం ఇదే మొదలు.

కేంద్రం గేటు మీద పెద్ద బోర్డు ఉంది. 'నీళ్లకన్నా చౌకగా విద్యుత్తు. మరో ముప్పై ఏళ్లలో.' ఆ బోర్డు పెట్టి పాతికేళ్లయింది. ఏటా రంగు వేస్తారు. అంకె మార్చరు. అంకె మార్చడానికి ఎస్టిమేట్‌లో నిధులు లేవు.

లోపల జరిగే పని చెప్పుకోవడానికి తేలిక. హైడ్రోజన్ పరమాణువుల్ని కోట్ల డిగ్రీల వేడిలో ఒకదానితో ఒకటి కలిపితే బ్రహ్మాండమైన శక్తి పుడుతుంది. సూర్యుడు చేసేది అదే. సూర్యుడికి ఖర్చు లేదు. ఏటిమెరకలో మాత్రం ఆ వేడి పుట్టించడానికి చుట్టుపక్కల ఊళ్లన్నీ వాడే కరెంటు కావాలి. అందుకని రోజూ సాయంత్రం సైరన్ మోగుతుంది. యంత్రం ముందు టెంకాయ కొడతారు. మీట నొక్కుతారు. యంత్రం గుప్పున వెలిగి ఆరిపోతుంది. అదే సమయానికి ఊళ్లో బల్బులు ఎర్రగా మారి, ఫ్యాన్లు నీరసించి, పంపులు ఆగిపోతాయి. కాసేపాగి మళ్లీ సైరన్. మళ్లీ టెంకాయ. పొద్దుపోయేదాకా అదే వరస. పాతికేళ్లుగా ఏటిమెరకలో సాయంత్రం పూట ఎవరూ పిండి రుబ్బుకోలేదు.

భ్రమరాంబ మీటరు విప్పింది, సీళ్లు చూసింది, వైర్లు తడిమింది. పక్కన టార్చిలైటు పట్టుకుని కేంద్రం ఆపరేషన్స్ చీఫ్ గంటి సోమయాజులు నిలబడ్డాడు. బక్కపలచని మనిషి, రిటైర్మెంటు దగ్గర్లో ఉన్నవాడు. యంత్రం మీట ఆయన చేతిలోనే ఉంటుంది.

"మీటరు బాగానే ఉంది," అంది భ్రమరాంబ, బాధగా.

"అవునండి," అన్నాడు సోమయాజులు, ఆమెకన్నా బాధగా.

ఇద్దరూ డైరెక్టర్ గదికి వెళ్లారు. డైరెక్టర్ డాక్టర్ అవధానుల శశాంకమౌళి లేచి నమస్కారం పెట్టాడు.

"మేడమ్, శక్తి పరిరక్షణ విషయంలో మా సంస్థ ఆదినుంచీ అచంచలమైన నిబద్ధతతో..."

"మీ యంత్రం ఆగిపోయిందేమోనండి," అంది ఆమె.

డైరెక్టర్ నొచ్చుకున్నాడు. బల్ల మీద మూడు పరిశోధన పత్రాలు పరిచాడు. మూడూ ఈ రెండు నెలల ప్రయోగాల మీద రాసినవే. ఒకదాని ప్రకారం యంత్రంలో మంట నిలకడ గణనీయంగా మెరుగుపడింది. ఇంకొకదానికి విదేశాల్లో జ్ఞాపిక కూడా ఇచ్చారు.

"ఆగిపోయిన యంత్రం మీద ఇన్ని పత్రాలెలా వస్తాయి మేడమ్?"

భ్రమరాంబ చదివింది బీకాం. కిటికీ దగ్గరికెళ్లి, బయట గేటు దగ్గర దండలు పట్టుకుని నిలబడిన గుంపుని చూసింది. "వాళ్లెవరు?"

ఆక్వా రైతుల సంఘం ప్రెసిడెంటు కొప్పినీడి ధనకోటిని లోపలికి పిలిచారు. ఏటిమెరక చుట్టూ రొయ్యల చెరువులే. ధనకోటి వస్తూనే డైరెక్టర్ మెడలో దండ వేశాడు. పాతికేళ్లుగా ఈ గేటు ముందు ఆయన కాల్చిన దిష్టిబొమ్మలు ఈ డైరెక్టర్‌వే.

"తప్పయిపోయిందండి బాబుగారూ. మిమ్మల్ని ఏవేవో అన్నాం. రెండు నెలలైందండి, సైరన్ మోగుతుంది, కరెంటు మాత్రం కన్నార్పట్లేదండి. చెరువుల్లో నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు గిర్రున తిరుగుతున్నాయండి. రొయ్య కుర్రాళ్లలాగ ఈదేత్తందండి. ఈ సూరీడు ఫ్యాక్టరీ కరెంటేనంటగా?"

భ్రమరాంబ వేళ్లు మడిచింది. మీటరు కరెక్టు. యంత్రం నడుస్తోంది, సైరన్ ఊరంతా విన్నది. అయినా బిల్లు తక్కువ, ఊరికి కరెంటు ఎక్కువ. ఇక మిగిలింది ఒక్కటే.

"మీ యంత్రం తాగే కరెంటుకన్నా ఎక్కువ ఇస్తోంది సార్," అంది.

డాక్టర్ శశాంకమౌళి లేచి వెళ్లి, ధనకోటిని పంపేసి, తలుపు గడియ పెట్టాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అంటే... సక్సెస్సంటారా?"

ఆ భవనంలో ఆ మాట అంతకుముందెవరూ అని ఉండరు.

"సంతోషించాలి కదండీ?"

"మేడమ్, మీకు మా మంజూరు ఉత్తర్వు తెలీదు. మాది ప్రయోగ దశ పద్దు. యంత్రం తీసుకున్న దానికంటే ఎక్కువ ఇచ్చిన రోజున ప్రయోగ దశ ముగిసినట్టు. కేంద్రం మీ విద్యుత్ సంస్థలో కలిసిపోతుంది. సిబ్బందిని సమాన హోదాలో సర్దుబాటు చేస్తారు."

"సమాన హోదా అంటే?"

"లైన్ ఇన్‌స్పెక్టర్." ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "నాకు నిచ్చెన చూస్తే కళ్లు తిరుగుతాయి మేడమ్. పైగా లక్ష్యానికి గడువు ముప్పై ఏళ్లుంది. గడువుకి ముందు సాధించాలంటే రాతపూర్వకమైన ముందస్తు అనుమతి ఉండాలి. ఎవడో అనుమతి లేకుండా సాధించాడు. వాడెవడో మీరు పట్టుకోవాలి."

అలా కరెంటు దొంగ కోసం వచ్చిన భ్రమరాంబ కరెంటు దాత కోసం వెతకడం మొదలుపెట్టింది.

మర్నాడు సైంటిస్టులందరికీ మెమోలు అందాయి. 'సమర్థాధికారి అనుమతి పొందకుండా, నిర్ణీత గడువును ఉల్లంఘించి, విజయానికి పాల్పడినట్టు ప్రాథమికంగా తెలియవచ్చినందున, మీపై క్రమశిక్షణ చర్య ఎందుకు తీసుకోరాదో సంజాయిషీ ఇవ్వవలెను.'

విచారణ కాన్ఫరెన్స్ హాల్లో జరిగింది. ఒకాయన ఆ వారమంతా మేనకోడలి ఓణీల ఫంక్షన్లో ఉన్నానని ఫొటోలు తెచ్చాడు. ఒకావిడ తన విభాగం చేసేది యంత్రాన్ని చల్లబరచడం మాత్రమేననీ, వేడెక్కితే బాధ్యత పక్క విభాగానిదనీ చెప్పింది. సిద్ధాంత విభాగం పెద్దాయన నేరుగా కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"నా సమీకరణాల ప్రకారం ఇది అసాధ్యం మేడమ్. ఇరవై ఏళ్లుగా అదే నిరూపిస్తూ వస్తున్నాను. నా సర్వీసు రికార్డు తెప్పించుకోండి. ఒక్క విజయం ఉంటే నా చెయ్యి నరికించండి."

చివర్లో సోమయాజులు వచ్చాడు.

"మీట నొక్కేది మీరే కదండీ. ఎప్పుడైనా తేడాగా అనిపించిందా?"

"నొక్కినప్పుడెప్పుడూ అనిపించలేదండి."

"మీమీద అనుమానపడమంటారా?"

"విజయం విషయంలోనాండి?" సోమయాజులు నిజాయితీగా ఆలోచించాడు. "మా ఇంట్లో వాళ్లు కూడా నమ్మరండి."

వారం తిరిగేసరికి సంగతి పొక్కింది. టీవీల్లో 'ఏటిమెరకలో రెండో సూర్యుడు' అని గ్రాఫిక్స్ తిరిగాయి. రాజధాని నుంచి ప్రత్యేక కార్యదర్శి జయసింహ, ఎర్రబుగ్గ పోయినా ఆ దర్జా పోని కారులో వచ్చాడు. విచారణ హాల్లో అడుగుపెట్టి, మెమోల దొంతర చూసి, "ఇదేంటి?" అన్నాడు.

"అనుమతి లేకుండా విజయం సాధించిన వారిపై..." అన్నాడు డైరెక్టర్.

"ప్రభుత్వం ఈ విజయాన్ని నిన్న రాత్రి నుంచి అనుమతించింది. పోయిన నెల మొదటి తారీకు నుంచి అమలయ్యేలా. ఇప్పుడు చెప్పండి, ఎవరు సాధించారు? వారి పేరు పురస్కారానికి పంపాలి."

హాల్లో చేతులన్నీ ఒక్కసారి లేచాయి. ఓణీల ఫంక్షన్లో ఉన్నాయన, సూత్రం తనకు అక్కడి భోజనాల పంక్తిలోనే తట్టిందన్నాడు. చల్లబరిచే ఆవిడ, చల్లదనం లేనిదే వేడికి విలువేముందని నిలదీసింది. సిద్ధాంతం పెద్దాయన తన సమీకరణంలో ఇరవై ఏళ్ల కిందట ఒక మైనస్ గుర్తు పొరపాటున పడిందనీ, అది తీసేస్తే అంతా ముందే చెప్పినట్టవుతుందనీ విన్నవించుకున్నాడు. డైరెక్టర్ చెయ్యెత్తలేదు. డైరెక్టర్లు చెయ్యెత్తరు. పురస్కారం దానంతట అదే వస్తుంది.

సోమయాజులు చేతులు కట్టుకుని గోడవార నిలబడ్డాడు. అది భ్రమరాంబ కంటపడింది.

"యూనిట్ ధర ఎంత పడుతుంది?" అన్నాడు జయసింహ.

అకౌంట్స్ అధికారి ఇన్నేళ్ల ఖర్చుని, యంత్రం ఇచ్చిందని చెబుతున్న కరెంటుతో భాగించాడు. ఒక్క యూనిట్‌కి ఒక మంచి స్కూటరు ఖరీదు తేలింది. ఆ అంకె ఉన్న కాగితం కార్యదర్శికి ఇవ్వడానికి ఎవరూ ముందుకు రాలేదు. చివరికి ఆయనే లాక్కుని చూశాడు.

"ఇందులో గతంలో పెట్టిన ఖర్చు కలిపారు. గతాన్ని వెనక్కి తేలేం కదా, తీసేయండి. జీతాలు కలిపారు. జీతాలు ఎలాగూ ఇస్తాం, తీసేయండి. యంత్రం ఖరీదు కలిపారు. యంత్రం ఆల్రెడీ ఉంది. తీసేయండి. ఇప్పుడెంత?"

"సున్నా అండి."

"చూశారా? ఫ్యూజన్ చౌక కాదని ప్రపంచమంతా వాగుతోంది. లెక్క వేయడం రాక." జయసింహ కుర్చీలో వెనక్కి వాలాడు. "ఉచిత విద్యుత్తు ఉండగా ఏటిమెరకకి బయటినుంచి లైను దండగ. ఆ లైను తీసేసి అవతలి జిల్లాలో కొత్తగా కడుతున్న కంప్యూటర్ గోదాములకి ఇద్దాం. వచ్చే సోమవారం సాయంత్రం మంత్రిగారి అమృతహస్తాలతో లైను వేరుచేసే కార్యక్రమం. ఆ క్షణం నుంచీ ఏటిమెరక స్వయంప్రకాశం."

గోడవార నుంచి చిన్న దగ్గు వినిపించింది.

"సర్, కొన్నాళ్లు రెండూ ఉంచితే..." అన్నాడు సోమయాజులు.

"మీకు మీ యంత్రం మీద విశ్వాసం లేదా?"

"ఉందండి. కానీ యంత్రం స్టార్ట్ చేయడానికే బయటి కరెంటు కావాలండి."

"సూర్యుణ్ణి ఎవరు స్టార్ట్ చేశారండీ?"

హాలంతా చప్పట్లు. సోమయాజులు జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

సోమవారం మధ్యాహ్నానికి మబ్బు కమ్మింది. భ్రమరాంబ నివేదికలో ఇంకా పేరు పడలేదు. విజేతలు మరీ ఎక్కువయ్యారు. దొంగల్ని పట్టుకోవడంలో ఒక సుఖముంది, దొంగతనం మాదేనని నలుగురు కొట్టుకోరు. పొద్దు వాలేవేళ ఆమె చెరువుల వైపు జీపు పోనిచ్చింది. ధనకోటి గట్టు మీద ఆకాశం చూస్తూ నిలబడ్డాడు.

"ఇయాళ ఎండ లేదండి మేడంగారూ. ఎండ లేకపోతే నీళ్లలో గాలి ఉండదండి. సాయంత్రం నుంచి ఏరేటర్లు ఆగకూడదు. ఆగినాయంటే గంటలో రొయ్య పైకి తేలిపోద్దండి. ఇంకో పది రోజుల్లో పట్టుబడి, పంట చేతికొచ్చేద్దండి. ఊరు ఊరంతా ఈ నీళ్లలోనే ఉందండి."

"జనరేటర్లు లేవా?"

"కిందటి పంట పోయాక అద్దెకి పెట్టుకున్నామండి. సూరీడు ఫ్యాక్టరీని నమ్మి పంపేశామండి. ఇయాళ లైను తీసేత్తారంటగా. పర్లేదంటారా? ఆ సైంటిస్టులకి ఫిజిక్సు తెలుసండి, కాదన్ను. రొయ్యకి తెలీదు కదండీ."

భ్రమరాంబ గట్ల వెంట చివరిదాకా చూసింది. "జనరేటర్ ముందుగా ఎవరు పంపారు?"

"అదిగో, ఆ చివరి చెరువోళ్లండి. మేమంతా భయపడి నెల్లాళ్లు ఆగాం. ఆళ్లు మొదటి రోజునే పంపేశారు. గొప్ప ధైర్యం."

"మొదటి రోజునా?"

"మరేనండి. చెరువు కాకినాడలో ఉండే ఎవరి పేరు మీదో ఉంది. మేత చూసుకోడానికి ఒకాయన స్కూటరేసుకుని వత్తాడు. హెల్మెట్ తియ్యడు. మంచోడేనండి, తలాడిత్తాడు. అదిగో, ఇప్పుడూ వచ్చాడు."

చివరి గట్టు మీద హెల్మెట్ పెట్టుకున్న మనిషి, చెరువుగట్టున పిల్లాణ్ణి వెతుక్కునే తండ్రిలా అటూ ఇటూ తిరుగుతున్నాడు. జీపుని చూశాడు. గబగబా స్కూటరెక్కి కేంద్రం వైపు దూసుకుపోయాడు. వెళ్తూ వెళ్తూ భ్రమరాంబ పక్కనుంచే వెళ్లాడు. స్కూటరు ముందు అద్దానికి ఫ్యూజన్ కేంద్రం పార్కింగ్ స్టిక్కర్ ఉంది.

బల్బు మినుకుమనదని మొదటి రోజునే తెలిసినవాడు ఎవడు? భ్రమరాంబ జీపెక్కి, "తొక్కు," అంది డ్రైవరుతో.

కేంద్రం వెనక సబ్‌స్టేషన్లో పందిరి వేశారు. లైను వేరుచేసే పెద్ద హ్యాండిల్‌కి బంతిపూలు చుట్టి, పసుపు కుంకుమలు పెట్టారు. మంత్రిగారు తలపాగా చుట్టించుకుని వేదిక దిగి వచ్చి, హ్యాండిల్ మీద చెయ్యి వేసి కెమెరాల కోసం ఆగారు. వీడియో వాళ్లలో ఒకడికి బ్యాటరీ అయిపోయింది. ఇంకొకటి తెస్తున్నాడు. ధనకోటి మనుషులు కంచె అవతల గుంపుగా నిలబడ్డారు. చీకటి పడుతోంది. దూరంగా చెరువుల మీద ఏరేటర్ల రెక్కలు తెల్లగా నీళ్లు చిమ్ముతున్నాయి.

భ్రమరాంబ జనాన్ని తోసుకుంటూ వెళ్లి సోమయాజులు పక్కన ఆగింది. ఆయన చొక్కా చెమటతో తడిసిపోయింది. జుట్టు నెత్తికి అతుక్కుపోయి ఉంది, అప్పుడే హెల్మెట్ తీసినట్టు.

"సోమయాజులుగారూ, మీరు రొయ్యలు తింటారా?"

"శివ శివ. మా ఇంటా వంటా లేదండి."

"మరి పెంచుతారా?"

సోమయాజులు చెరువుల వైపు చూశాడు. బ్యాటరీ వచ్చింది. జయసింహ మైకులో, "ఈ చారిత్రక ఘట్టంలో..." అని అందుకున్నాడు. మంత్రిగారు రెండో చెయ్యి కూడా వేసి హ్యాండిల్ బిగించి పట్టుకున్నారు.

"ఆగండి," అన్నాడు సోమయాజులు. ఆ బక్క గొంతులోంచి అంత కేక వస్తుందని పాతికేళ్లలో ఎవరూ అనుకోలేదు. మంత్రిగారు బొమ్మలా ఆగిపోయారు. సోమయాజులు నడిచి వెళ్లి హ్యాండిల్‌కీ మంత్రిగారికీ మధ్య దూరాడు.

"ఇది విధానపరమైన నిర్ణయం. కిందిస్థాయి అధికారులు..." అన్నాడు జయసింహ.

"మీరు కాసేపు ఊరుకోండి సార్," అంది భ్రమరాంబ. కలం తీసింది. "చెప్పండి సోమయాజులుగారూ."

"ముందు మంత్రిగారిని చేతులు తియ్యమనండి. తీశారా? రాసుకోండి. నేనే చేశాను. చేశానంటే, ఏమీ చెయ్యలేదు. రెండు నెలలుగా ఆ యంత్రం ఒక్కసారి కూడా వెలగలేదు. సైరన్ మోగించాను. టెంకాయ కొట్టాను. కంప్యూటర్ తెరల మీద కిందటేటి ప్రయోగాల రికార్డులు వేశాను. మీట మాత్రం నొక్కలేదు. లోపల రేడియేషన్ అని యంత్రం ఉన్న హాల్లోకి ఎవర్నీ రానివ్వం కదా, ఎవరూ చూడలేదు. చూసినా ఆగిన యంత్రానికీ నడిచే యంత్రానికీ తేడా తెలియాలంటే ఊళ్లో బల్బు చూడాలి. మావాళ్లెవరూ ఊళ్లో ఉండరు. మొదటి వారం భయంతో నాకు అన్నం సహించలేదండి, ఎవరో ఒకరు పట్టుకుంటారని. రెండో వారం వాళ్లు దాని మీద పరిశోధన పత్రం రాశారు. మూడో వారం నుంచి ఆకలేసింది.

"ఎందుకు చేశానంటారా? బావమరిది పేరు మీద చెరువు కౌలుకి తీసుకున్నాను. రిటైరయ్యాక చేతిలో ఏదో ఒకటి ఉండాలని. తినను గానీ, అమ్మడానికి ఏం ఆచారం అడ్డొచ్చింది? మొదటి పంటప్పుడు సాయంత్రం నేనిక్కడ మీట నొక్కితే అక్కడ నా ఏరేటర్లే ఆగిపోయాయి. పొద్దున్నే వెళ్లి చూస్తే చెరువంతా తెల్లగా తేలిపోయింది. నా రొయ్యల్ని నేనే, ప్రభుత్వ జీతం తీసుకుంటూ చంపుకున్నాను. ధనకోటిగారి చెరువూ పోయింది ఆ రోజు. ఆయన వచ్చి నా భుజం మీద చెయ్యేసి, ఆ ఫ్యాక్టరీవాళ్లు మట్టిగొట్టుకుపోవాలండి అన్నాడు. హెల్మెట్ తియ్యకుండానే, అవునండి అన్నాను. మనస్ఫూర్తిగా అన్నాను.

"ఇంత దూరం వస్తుందనుకోలేదు. నా పంట చేతికొచ్చేదాకా ఆపుదాం, తర్వాత మళ్లీ నొక్కుదాం అనుకున్నానంతే. మీరంతా కలిసి దాన్ని విజయం చేశారు. ఉద్యోగం పోతుంది, పెన్షన్ పోతుంది, తెలుసు. చెప్పకుండా ఊరుకుంటే అవేవీ పోవు. ఆ లైను తీసేస్తే నా చెరువుతోపాటు వీళ్లందరి చెరువులూ పోతాయి, ఆస్పత్రిలో దీపం పోతుంది. నా ఒక్క చెరువే అయితే నోరు విప్పేవాణ్ణి కాదేమో. అదీ రాసుకోండి, నేనేం మహాత్ముణ్ణి కాదు.

"సార్, కార్యదర్శిగారూ, మీ లెక్క తప్పు కాదండి. యూనిట్ సున్నాయే. యంత్రం తాగాల్సిన కరెంటు ఊరికి మిగిలింది. ఈ యంత్రం ఈ ఊరికి వెలుగిచ్చింది నేను దాన్ని ఆపిన రెండు నెలల్లోనే. ఇంత చౌకగా ఫ్యూజన్ నడిపినవాడు ప్రపంచంలో ఇంకొకడు లేడు. మేడంగారూ, విజయం ఎవరిదని ఇన్నాళ్లూ అడిగారు కదా, ఆ ఖాళీలో పేరు రాయండి. గంటి సోమయాజులు. తండ్రి పేరు విశ్వపతి. వృత్తి దగ్గర మాత్రం రొయ్యలు అని రాయండి, ఇక మిగిలేది అదే."